హాకీ సాబ్ సామాను

ఆర్మూర్,
12 సెప్టెంబరు 1991

ప్రియమైన జమున బాపుకు,

రాధాబాయి నమస్కరించి వ్రాయునది. మేమిద్దరం ఇక్కడ క్షేమం. మీరూ అక్కడ క్షేమమనే తలుస్తాను. కానీ మీ బుర్ర ఒక్కటీ క్షేమంగా ఉందో లేదో తేల్చుకుందామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

సెలవు మీద వచ్చిన మాక్లూర్ హన్మండ్లు మొన్న ఆదివారం మీ పెట్టె తెచ్చి ఇచ్చాడు. అబుదాబీ నుంచి పెట్టె వచ్చిందనగానే వాడకట్టులో బీడీలు చుట్టే ఆడవాళ్లంతా చాటలు పక్కన పెట్టి మన అరుగు మీదికి చేరారు. పక్కింటి పోచవ్వ అయితే ముందు వరసలోనే కూర్చుంది. వాళ్లాయన పంపిన పెట్టెలో పట్టుచీర, సబ్బులు, నొప్పుల మందు వచ్చిన సంగతి ఆమె ఇంకా మరిచిపోలేదు, మమ్మల్నీ మరిచిపోనివ్వదు. అందరి ముందూ మూత తీశాను. అరచేతంత నల్ల రబ్బరు బిళ్ళ ఒకటి. ఒక ఇత్తడి రేకు ముక్క. అట్టలు ఊడిన నోటుపుస్తకాలు మూడు. కాళ్లకు కత్తులు కట్టుకొని ఉరుకుతున్న తెల్లవాళ్ల ఫొటోలు. తీగ తెగిన మైకు. ఒక కేసెట్టు. అంతే! అడుగున ఏమైనా ఉందేమోనని పెట్టె బోర్లించి తట్టాను కూడా.

పోచవ్వ బుగ్గన వేలు పెట్టుకొని, "రాధా, మీ ఆయన గాడ పాత సామాను దుకాణం పెట్టిండా ఏందే?" అంది. నాకు భూమి చీలితే బాగుండు అనిపించింది.

పోనీ, కేసెట్టులోనైనా మీ గొంతు ఉంటుందని టేపురికార్డరులో పెట్టాను. ఎవడో తెల్లాయన ఊపిరి తీయకుండా ఒకటే అరుపు. జమున కాసేపు విని, "అమ్మా, గీయన ఎవలితోని కొట్లాడుతున్నడే?" అని అడిగింది. నాకేం తెలుసు?

ఊరిలో గల్ఫుకు పోయిన ప్రతివాడూ నెలకో రెండు నెలలకో కేసెట్టులో మాట నింపి పంపుతాడు. మీరు పంపింది 1989లో ఒక్కటి. అందులో, ఇక్కడున్నప్పుడు మార్కెట్ యార్డులో పసుపు కుప్పకు మీరు వేలం పాట పాడినట్టే మన జమున జడకు పాట పాడారు. "జమున జడ! ఒకటోసారి! రెండోసారి!" అని ఆపి, "మూడోసారి ఇంటికొచ్చినంకనే అంట బిడ్డా" అన్నారు. అది ఇప్పటికీ ఆ మూడోసారి కోసమే ఎదురుచూస్తోంది. రెండేళ్లని చెప్పి పోయారు, నాలుగేళ్లు దాటింది. దాని మూడో ఏటనే ఊరు విడిచిన బాపు ముఖం దానికి గుర్తులేదు. గొంతు మటుకే గుర్తు. ఆ కేసెట్టు కూడా ఎక్కడ పెట్టానో నాకిప్పుడు తెలియదు, అడగవద్దు.

బస్టాండు దగ్గర కొత్తగా ఎస్టీడీ డబ్బా పెట్టారు. దాని నంబరు కింద రాశాను. జనవరి ఒకటో తారీకు పొద్దున పది గంటలకు మేమక్కడ ఉంటాం. ఫోను చేయండి.

మీ సంగతి ఏమిటని హన్మండ్లును అడిగితే, "అన్న మంచిగనే ఉన్నడు వదినా, ఫికర్ చెయ్యకు. గంత ఎండల సుత మెడకు రుమాలు కట్టుకొని షోకుగ తిరుగుతడు" అని, పోసిన చాయ తాగకుండానే లేచిపోయాడు. షోకులు మీకు, రబ్బరు బిళ్ళలు మాకు. బాగుంది.

ఇట్లు,
మీ రాధాబాయి


అబుదాబీ,
20 నవంబరు 1991

ప్రియమైన రాధకు,

నీ ఉత్తరం చేతికి తగలగానే కొంచెం వేడిగా ఉందనిపించింది. చదివాక ఎందుకో తెలిసింది. కోప్పడు, నీకు ఆ హక్కు ఉంది. కానీ ఆ సామాను మాత్రం జాగ్రత్తగా దాచు. నీ కాళ్లు పట్టుకొని అడుగుతున్నాననుకో.

అది నేను పనిచేసే ఇంటి పెద్దసాబ్ ది. పేరు ఎమీల్. వాళ్ల దేశం కెనడా. కొడుకు ఇక్కడ నూనె కంపెనీలో ఇంజినీరు. ఆ దేశంలో గడ్డకట్టిన మంచు మీద, బూట్లకు ఇనుప పట్టీలు కట్టుకొని హాకీ ఆడతారు. పూర్వం రేడియోలో ఆ ఆటను ఇంగ్లీషులోనే చెప్పేవారట. ఈయన వాళ్ల ఇళ్లలో మాట్లాడేది ఫ్రెంచి. సగం అర్థమై సగం అర్థంకాక రేడియో ముందు కూర్చునేవారట పాపం. అక్కడి రేడియోలో మొట్టమొదట ఫ్రెంచిలో ఆ ఆటను చెప్పింది మా పెద్దసాబే. దేనికైనా తమ భాషలో మాట లేకపోతే అక్కడికక్కడే ఒకటి పుట్టించి చెప్పాడట. ఆ మాటలే నోటుపుస్తకాల నిండా ఉన్నాయి.

నీకిది వింతగా ఉంటుందా? మన యార్డులో నాకన్నా ముందు పాట పాడినవాళ్లు సేట్లకు తెలిసే హిందీలోనే పాడేవారు. నేను తెలుగులో పాడిన మొదటి రోజు ఆలూర్ నుంచి బండి కట్టుకొచ్చిన మీ బాపు నర్సింలు మామ ఏమన్నాడో నీకు తెలుసు కదా. "ఇయ్యాల నా పసుపు ఎవలకు పోయిందో నా చెవులతోని విన్న" అన్నాడు. ఆ మాట మీదే కదా నిన్ను నాకిచ్చాడు!

నల్ల బిళ్ళ ఆయన చెప్పిన మొదటి ఆటలో ఆడింది. దానినే కర్రలతో కొడతారు. ఇత్తడి రేకు ఆటస్థలం లోపలికి పోనిచ్చే బిళ్ళ, వెనక ఆయన పేరు చెక్కి ఉంది. కేసెట్టులో ఉన్నది ఆ మొదటి ఆటే. లోకంలో అదొక్కటే ఉంది. కొడుక్కి బదిలీ అయ్యేలా ఉంది, ఇల్లు ఖాళీ చేయాలని ఇవన్నీ చెత్త డ్రమ్ములో వేస్తున్నాడు. ఒక్కొక్కటీ నేను తీస్తున్నాను. క్యాంపులో గదికి ఎనిమిది మందిమి. పెట్టుకునే చోటు లేదు, అందుకే నీకు పంపుతున్నాను.

నా టేపురికార్డరు చెడిపోయింది. అందుకే కేసెట్టు పంపలేదు. ఫోను తప్పకుండా చేస్తాను.

జమునకు ముద్దులు.

నీ
గంగాకిషన్


ఆర్మూర్,
18 ఫిబ్రవరి 1992

జమున బాపుకు,

(ప్రియమైన అని రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు.)

జనవరి ఒకటిన ఉతికిన బట్టలు కట్టుకొని, జమునకు రిబ్బన్లు వేసి, తొమ్మిదింటికే డబ్బా దగ్గర నిలబడ్డాం. పదింటికి ఫోను మోగింది. డబ్బా నడిపే ఏసయ్య, "అబుదాబీ నుంచే అక్కా!" అని నా చేతికిచ్చాడు. హలో అన్నాను. పది మార్లు అన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అవతల ఎవరో ఉన్నట్టు మాత్రం తెలుస్తోంది. గోటితో తట్టిన చప్పుడు రెండుమార్లు వచ్చింది. జమున గుంజుకొని, "బాపూ, నేను జమునను. మూడోసారి అను బాపూ" అంది. దానికీ మళ్లీ ఆ గోటి చప్పుడే. అప్పుడు నాకు ఒళ్లు మండి, మళ్లీ ఫోను అందుకొని మూడు నిమిషాలు ఆగకుండా తిట్టాను. బస్సు దిగినవాళ్లు కూడా నిలబడి విన్నారు. ఏసయ్య, "లైను ఖరాబున్నదేమో అక్కా" అన్నాడు. లైను బాగాలేకపోతే మరి ఆ గోటి చప్పుడు ఎలా వచ్చింది?

ఇక మీ సాబ్ సామాను సంగతి. ఇత్తడి రేకు బీడీలకు తునికాకు కత్తిరించడానికి కొలతకు అచ్చంగా కుదిరింది. నా పాత రేకు అంచులు వంకరపోయాయి. మూడు నెలలుగా దాని మీదనే ఆకు కత్తిరిస్తున్నాను. కార్ఖానాలో ఒక్క బీడీ కూడా కొలత తప్పిందని తీసేయలేదు. రబ్బరు బిళ్ళ మామిడికాయ తొక్కు జాడీ మూత మీద బరువుగా ఉంది. నోటుపుస్తకాలు మాత్రం ముట్టుకోలేదు. జమున మాత్రం మీ గొంతు లేక ఆ తెల్లాయన కేసెట్టే పెట్టుకొని వింటోంది. చీపురు పట్టుకొని వాకిట్లో ఉరుకుతూ ఆయనలాగే కేకలు వేస్తోంది. పోచవ్వ దీనికి గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించుకొమ్మంది. విన్నారా, మీ పుణ్యాన మా పరువు ఎక్కడిదాకా వచ్చిందో!

ఒక్కటి అడుగుతాను. మీకు ఫ్రెంచి రాదు. ఆయనకు తెలుగు రాదు. ఇన్ని కథలు ఆయన మీకెలా చెబుతున్నాడు?

యార్డులోకి కొత్త పసుపు వస్తోంది. ఇప్పుడు నారాయణ పాట పాడుతున్నాడు. పాపం గొంతు చించుకుంటాడు గానీ రెండో కుప్ప దాకా వినబడదు. "గంగాకిషన్ గొంతు మల్ల రావాలె" అని రైతులంతా అంటున్నారు. ఎప్పుడు వస్తారు?

రాధాబాయి


అబుదాబీ,
10 మార్చి 1992

ప్రియమైన రాధకు,

లైనే బాగాలేదు. నమ్ము.

అమ్మా తల్లీ, ఆ రేకు మీద ఆకు కత్తిరించకు! కత్తెర గీతలకు వెనకున్న పేరు అరిగిపోతుంది. వాళ్ల దేశంలో ముగ్గురికో నలుగురికో దొరికిన బిళ్ళ అది. రబ్బరు బిళ్ళకు నూనె తగిలితే ఆటగాళ్లు రాసిన పేర్లు పోతాయి. జాడీ మీద రాయి పెట్టుకోరాదా, ఆర్మూరులో రాళ్లకేం కరువు? ఊరంతా గుట్టలే కదా.

కేసెట్టు ఒక్కటీ పదిలంగా చూడు. మిగతావి ఏమైనా నేను ఓర్చుకుంటాను. పెద్దసాబ్ మే నెలలో వాళ్ల దేశం పోతున్నాడు. పోయేముందు దాన్ని ఒక్కసారి వింటానంటున్నాడు. ఆలూర్ గంగాదాస్ సెలవు మీద ఊళ్లోనే ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని చేతికివ్వు.

ఎలా చెబుతాడని అడిగావు. అంతగా మాటలు అవసరం పడవు రాధా.

ఈ ఏడు కూడా రావడం కుదరదు. కోప్పడకు. కారణం ఉత్తరంలో రాసేది కాదు.

నీ
గంగాకిషన్


ఆర్మూర్,
28 మార్చి 1992

అయ్యా,

మీ ఉత్తరం నిన్న అందింది. గంగాదాస్ మొన్ననే విమానం ఎక్కాడు. మీరు అడగకముందే కేసెట్టు అతని చేతికిచ్చాను. అయితే అందులో ఇప్పుడు మీ తెల్లాయన లేడు. నేనున్నాను.

మీరు మాట పంపరు. ఫోనులో పలకరు. కాగితం మీద తిడితే మీకు తగలడం లేదు. ఇంట్లో ఉత్త కేసెట్టు లేదు, నా కోపం దుకాణం తెరిచేదాకా ఆగేటట్టు లేదు. ఉన్నదాన్నే పెట్టి బొత్తాం నొక్కాను. రెండు పక్కలా నిండేదాకా మాట్లాడాను. లోకంలో అదొక్కటే అని మీరు రాసింది అప్పుడు నాకు గుర్తు రాలేదు. అబద్ధమెందుకు, వచ్చింది. అయినా నొక్కాను.

నిన్న మీ ఉత్తరంలో, పోయేముందు ఒక్కసారి వింటానన్నాడని చదివితే అన్నం దిగలేదు. ఆయనకు నా తరఫున ఏదో ఒకటి చెప్పండి. మీకు మాత్రం నేను ఏమీ చెప్పను.

రాధాబాయి


అబుదాబీ,
22 ఏప్రిల్ 1992

ప్రియమైన రాధకు,

గంగాదాస్ కేసెట్టు ఇచ్చాడు. నీ ఉత్తరం ఇంకా రాలేదప్పటికి. సాయంత్రం పెద్దసాబ్ గదిలో పెట్టాను. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకొని, కళ్లు మూసుకొని, తన గొంతు కోసం చెవి ఒగ్గి కూర్చున్నాడు. "థూ! మీ మంచు హాకీ పాడుగాను" అంటూ నువ్వు వచ్చావు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆపబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. అటు పక్క, ఇటు పక్క మొత్తం విన్నాడు. అయిపోయాక ఎవరని సైగ చేశాడు. నా భార్య అని కాగితం మీద ఇంగ్లీషులో రాశాను. అప్పుడాయన జేబులోంచి టార్చిలైటంత యంత్రం తీసి మెడకు ఆనించుకొని ఇంగ్లీషులో అడిగాడు: "ఈమె ఊపిరి ఎప్పుడు తీసుకుంటుంది?"

తేనెటీగ రొద చేసినట్టు ఉంటుంది ఆ మాట. పదేళ్ల కింద ఆయన గొంతులో క్యాన్సరు పుండు లేచి, మాట వచ్చే డబ్బీని డాక్టర్లు కోసి తీసేశారు. అప్పటి నుంచి ఆ యంత్రమే ఆయన నోరు. నీకు ఇన్నాళ్లూ ఈ సంగతి రాయలేదు. రాస్తే మిగతాదీ రాయాల్సి వస్తుందని.

కేసెట్టు చివర నువ్వు అలసిపోయి ఆగినప్పుడు జమున మాట వినబడింది. "అమ్మా, బాపు ఫోన్ల మాట్లాడలే. బాపుకు గొంతు పోయిందా?" అంది. నువ్వు "నోర్ముయ్ బిడ్డా, గసుంటి మాటలు అనద్దు" అన్నావు. ఏడేళ్ల పిల్ల పట్టేసింది. ఇక దాచి లాభం లేదు.

రాధా, నాకు గొంతు లేదు. 1990 ఎండాకాలంలో ఇక్కడి దవాఖానలో నాకూ అదే కోత కోశారు. మెడకు రంధ్రం ఉంది, దాని మీద రుమాలు కడతాను. క్యాంపులో మనవాళ్లందరి చేతా ఒట్టు వేయించాను, హన్మండ్లు చాయ తాగకుండా లేచింది అందుకే. ప్రాణానికి ఇప్పుడేమీ భయం లేదని డాక్టరు చెప్పాడు. కోత మానాక ఏ పనికీ పనికిరానని కంపెనీవాళ్లు నన్ను పంపేయబోతే, పెద్దసాబ్ నా మెడ చూసి తన దగ్గర పెట్టించుకున్నాడు. ఫోను చేసింది నేనే. ప్రతి మాటా విన్నాను. జమున మూడోసారి అనమన్నప్పుడు గోటితో తట్టడం తప్ప నాకు ఏదీ చేతకాలేదు.

ఎందుకు చెప్పలేదంటావు. డాక్టరు మొదట అడిగిన మాట, ఏం తాగుతావు అని. బీడీలు అన్నాను. కొలత తప్పి కార్ఖానాకు పనికిరానివి నువ్వు నా కోసం పక్కన పెట్టేదానివి కదా. అది తెలిస్తే నీ చేతులకు నువ్వే శిక్ష వేసుకుంటావని భయపడ్డాను. ఇంకోటి, మీ బాపు పిల్లనిచ్చింది ఆ గొంతుకు. అది లేకుండా యార్డు ముందు నుంచి ఎలా నడవాలి?

ఆయన సామాను ఎందుకు ఏరుతున్నానో ఇప్పుడైనా తెలిసిందా? గొంతు పోయాక కూడా మనిషి మిగులుతాడని నాకు చూపినవాడు ఆయనొక్కడే. ఆయన గొంతు చెత్త డ్రమ్ములో పడుతుంటే నాదే పడ్డట్టు ఉండేది. నేను పాడిన పాటలన్నీ గాలికే పోయాయి. ఎవరూ ఒక్కటీ దాచలేదు. కనీసం ఆయనదైనా ఉండాలనుకున్నాను.

కేసెట్టు చెడిందని ఏడుస్తుంటే ఆయన నవ్వాడు. "ఆ ఆట మేం ఎలాగూ ఓడిపోయాం" అన్నాడు. ఇత్తడి బిళ్ళతో నువ్వు ఆకు కత్తిరిస్తున్నావని చెబితే, ఇన్నేళ్లకు దానికి నిజమైన పని దొరికిందన్నాడు. మే నెలాఖరుకు వెళ్లిపోతున్నాడు. తన రెండో యంత్రం నాకిచ్చాడు. దానికి భాష లేదు, తెలుగూ పలుకుతుంది. ఆ ఫోను తర్వాతే నేర్చుకోవడం మొదలుపెట్టాను. అయినా అది మనిషి గొంతులా ఉండదు, పిల్ల జడుసుకుంటుంది. నన్ను ఏం చేయమంటావో నువ్వే చెప్పు.

నీ
గంగాకిషన్


ఆర్మూర్,
9 మే 1992

ప్రియమైన జమున బాపుకు,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు చాట ముట్టలేదు. తడిపిన ఆకు తడిపినట్టే ఎండిపోయింది. మూడో రోజు మాక్లూర్ పోయి, కొత్త వీసా వచ్చి ఈ నెలాఖరుకు మళ్లీ పోవాల్సిన హన్మండ్లును వాళ్ల అమ్మ ముందే నిలబెట్టి కడిగేశాను. ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వాళ్లమ్మ ఏమీ తెలియక ఇద్దరికీ అన్నం పెట్టింది.

బీడీ చుట్టింది నేను, తాగింది మీరు. నా చేతులను చూస్తే నాకు ఏడుపొస్తున్న మాట నిజమే. కానీ ఆ తగవు మనిద్దరం ఎదురెదురుగా కూర్చొని తీర్చుకోవాల్సింది. రెండేళ్లు ఒక్కరే మోసి, నా మీద జాలిపడి దాచారట! నన్ను అంత బేలదాన్ని అనుకున్నందుకు మీ మీద కోపం ఇప్పట్లో పోదు. మూగ ఫోనును తిట్టినందుకు నా మీద నాకున్న కోపం కూడా మీ ఖాతాలోనే వేస్తున్నాను.

మా బాపు మీ గొంతుకు పిల్లనిచ్చాడో లేదో ఆయన్నే అడిగాను. "గొంతుకియ్యలే బిడ్డా. పేదోనికి సమజయ్యేటట్టు చెప్పాలె అన్న మనిషికిచ్చిన" అన్నాడు. ఇక యార్డు ముందు నుంచి ఎలా నడవాలో మీరే ఆలోచించుకోండి.

మీ పాట ఎవరూ దాచలేదని రాశారు. 1989 కేసెట్టు ఎక్కడ పెట్టానో తెలియదని కోపంలో అబద్ధం రాశాను. మన పెళ్లిచీర మడతలో, పురుగు పట్టకుండా రెండు పసుపు కొమ్ములతో కట్టి, పెట్టె అడుగున పెట్టాను. పదే పదే వేస్తే అరిగిపోతుందని జమునకు కూడా మళ్లీ చూపించలేదు, ఆ తెల్లాయన గొంతుతోనే సరిపెట్టాను. మీ సామాను పిచ్చిని తిట్టిపోసిన నేను చేసిందీ అదే. నిన్న తీసి ఇద్దరం విన్నాం. "ఒకటోసారి! రెండోసారి!" అని మీరు ఇల్లు అదిరేలా ఉన్నారు.

సాబ్ కు ఈ ఉత్తరంతో ఒక కేసెట్టు పంపుతున్నాను. ఆయన వెళ్లేలోగా అందాలని, నెలాఖరు దాకా ఆగకుండా ఎల్లుండే విమానం ఎక్కమని హన్మండ్లును తరుముతున్నాను. కొత్త కేసెట్టు, దుకాణంలో కొన్నది. ఆయన ఆట నేను చెరిపేశాను. కానీ రోజూ విని విని గోలు పడినప్పటి ఆయన కేక జమున నోటికి వచ్చేసింది, ఒక్క మాట పోకుండా. అది ఇందులో అరిచింది. అర్థం మాకు తెలియదు, తప్పుంటే ఆయన దిద్దుకోవాలి. ఇత్తడి బిళ్ళను చింతపండుతో తోమి నోటుపుస్తకాల పక్కన పెట్టాను. పేరు చెరగలేదు. రబ్బరు బిళ్ళకు తొక్కు వాసన మాత్రం పోదు, ఆయనకు చెప్పకండి.

జమునకు అంతా చెప్పాను. మెడ రంధ్రం సంగతీ, యంత్రం సంగతీ. జడుసుకోలేదు. "గా మిషన్ తోని మూడోసారి అనొస్తదా?" అని అడిగింది.

వస్తది అని చెప్పాను. నన్ను అబద్ధాలకోరును చేయకుండా వచ్చి అనండి.

వాకిట్లో నిలబడి ఎదురుచూస్తూ,
మీ రాధాబాయి